ఒక్క రోజు ఆగండి

వవావు దీవి,
ఫిబ్రవరి 3, 1988

అక్కయ్య సులియానాకి తల వంచి చెల్లెలు పిసిలా రాస్తున్నది.

చేతిరాత గుర్తుపట్టి విప్పకుండానే పొయ్యిలో పడేస్తావేమోనని కవరు మీద అడ్రసు పక్కింటి అమ్మాయి చేత రాయించాను. ఈ మాట చదువుతున్నావంటే నా ఎత్తు పారినట్టే. తిట్టుకో, కానీ చివరిదాకా చదువు. ఇది నా గురించి కాదు. అన్నయ్య కూతురు లాతాయి గురించి.

లాతాయి నీళ్ళోసుకుంది అక్కా. ఇది నాలుగోసారి. మొదటి మూడు కడుపులూ నిలవలేదని నీకు అక్కడి చర్చివాళ్ళ ద్వారా తెలిసే ఉంటుంది. ఆసుపత్రి నర్సేమో ఒంట్లో రక్తం లేదంటుంది, ఎర్ర బిళ్ళలిచ్చి పంపుతుంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం వేరే మాట అంటున్నారు. మేనత్త మనసు నొచ్చుకుంటే మేనకోడలి కడుపు పండదని మనకి ఉగ్గుపాలతో పోశారు కదా. "ఏడేళ్ళ కిందట లాతాయి పెళ్ళిలోంచి పెద్దత్త నోట మాట లేకుండా పడవెక్కి వెళ్ళిపోయింది. ఆ ఉసురే ఇది" అని చర్చి మెట్ల మీదే అనుకుంటున్నారు. లాతాయి ముందే అనుకుంటున్నారు. ఆ పిల్ల విని తల దించుకుని పోతుంది.

మొన్న ఆదివారం అన్నయ్య మా ఇంటికొచ్చాడు. ఎప్పటిలాగే గడప బయట నిలబడ్డాడు, నేను లోపల. తోడబుట్టిన ఆడవాళ్ళతో ఎదురుబొదురు కూర్చుని మాట్లాడే అలవాటు మన మగవాళ్ళకి ఎక్కడిది! నీకేం చెప్పాలన్నా ఏనాడైనా నా చేతే చెప్పించాడు, నువ్వూ నా చేతే చెప్పించావు. "అక్కకి రాయవే పిసిలా. తప్పెవరిదైనా కానీ, మొక్కుతున్నానని రాయి" అన్నాడు. పెండలం తోటలో ఇద్దరి పని ఒక్కడే చేసే మనిషి, నా చేత ఆ మాట రెండుసార్లు అనిపించుకుని గానీ వెళ్ళలేదు.

అందుకని రాస్తున్నాను. కోపం లేదని ఒక్క మాట పంపు. నువ్వు అన్నావంటే అది జరుగుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే కదా. నువ్వు చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక వరసల్లో దగ్గులు ఆగిపోయేవి. నువ్వల్లిన చాప చేత్తో తడిమితే మొగలాకో మెత్తటి గుడ్డో తెలిసేది కాదు. ఎంత గాలి తోలినా నాన్నతో పాటు చేపలకి వెళ్ళేదానివి. నేనేమో రేవు గట్టు మీద నిలబడే వాంతి చేసుకునేదాన్ని. "సులియానా అబ్బాయిగా పుట్టుంటే నా పడవ ఇచ్చేసేవాణ్ణి" అనేవాడు నాన్న. ఇవన్నీ నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకూ ముక్కు మీద కోపమే కదా.

జవాబు కోసం చూస్తూ,
నీ పిసిలా

*

సిడ్నీ,
మార్చి 9

పిసిలాకి,

నీ ఉత్తరం అందింది. అడ్రసు చూసి ఎవరో పెళ్ళిపిలుపు పంపారనుకున్నాను. నీ తెలివికి దణ్ణం పెట్టాలి.

ఉసురు పెట్టేంత తీరిక నాకెక్కడిదే? ఆసుపత్రి వంటగదిలో పొద్దుటినుంచీ కంచాలు కడిగి, సాయంత్రానికి నడుం పట్టేస్తే వేడినీళ్ళ సీసా పెట్టుకుని పడుకుంటాను. ఇక ఎవరి కడుపు మీద కోపం పెట్టుకోను? లాతాయి మీద నాకు కోపమున్నదని ఎవరన్నారు? ఆ పిల్ల పుట్టినప్పుడు బొడ్డు కోసిన చెయ్యి నాది. ఆ మాట అన్నవాళ్ళని నా ముందుకొచ్చి అనమను.

నా కోపం పెద్దవాళ్ళ మీద. నువ్వడిగావు కాబట్టి చెప్తున్నా. ఆ పెళ్ళికి నేను నడుముకి చుట్టుకోవడానికి ఎవరూ కట్టనంత మంచి చాప అల్లుకుని బయల్దేరాను. దారిలో హాపాయి దీవి దగ్గర గాలి లేచి పడవ అక్కడి రేవులోనే ఆగిపోయింది. నేను తడుస్తూ పోస్టాఫీసుకి పోయి, రేడియోలో చదివించమని కబురిచ్చాను. "వవావు, సామిసోనీకి. గాలికి పడవ ఆగింది. రేపు సాయంత్రం వస్తాను. ఒక్క రోజు ఆగండి. సులియానా." సాయంత్రం కబుర్లలో వాళ్ళు చదివారు. హాపాయి రేవులో కూర్చుని నా చెవులతో నేనే విన్నాను.

ఒక్క రోజు! పెద్ద మేనత్త కోసం ఒక్క రోజు ఆగలేకపోయారు. మర్నాడు నేను తడిసిన మూటతో దిగేసరికి మేనత్త కూర్చునే చాపల దొంతర మీద నువ్వున్నావు. అమ్మ చాప నీ నడుముకి చుట్టుంది. కేకు పై అంతస్తు నీ ఒళ్ళో ఉంది. తమ్ముడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఎవరైనా లేచారా? ఎవరైనా "రా అక్కా" అన్నారా? వచ్చిన పడవే ఎక్కి పోయాను.

కాబట్టి క్షమించాల్సింది నేను కాదు, నా మాట విని కూడా ఆగనివాళ్ళు ముందు తమ తప్పు ఒప్పుకోవాలి. సామిసోనీ మొక్కుతున్నాడన్నావు. దేనికి మొక్కుతున్నాడో అడుగు.

లాతాయికి ఎన్నో నెల? తింటున్నదా? చేమాకు వండి పెడుతున్నారా? రక్తానికి మంచిది.

సులియానా

*

వవావు,
ఏప్రిల్ 11

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. చేమాకు రోజూ పెడుతున్నాం. కొబ్బరిపాలు పోసి, ఉప్పుమాంసం పెట్టి మూట కట్టి గుంతపొయ్యిలో వేస్తే రెండు మూటలు తింటుంది. అయిదో నెల. కాళ్ళకి నీరు రాలేదు. మొగుడు కెపు మంచివాడు, బరువు ఎత్తనివ్వడు, బట్టలు తనే ఉతుకుతాడు. వాళ్ళమ్మ గొణుగుతుంది, వినిపించుకోడు.

ఆ పిల్ల ఏం చేస్తున్నదో తెలుసా? ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నువ్వు తాళం వేసి పోయిన ఇంటికి వెళ్తుంది. చావింట్లో చిన్నవాళ్ళు చుట్టుకునే పెద్ద చిరుగు చాప, మోకాళ్ళ కిందికి జీరాడేది, అది చుట్టుకుని నీ మెట్ల కింద నేల మీద కూర్చుంటుంది. ఇంట్లో నువ్వున్నట్టే తల వంచుకుని కూర్చుంటుంది. ఎండెక్కేదాకా లేవదు. "పెద్దత్త లేని ఇంటి ముందు కూర్చుంటే ఆమెకెలా తెలుస్తుందే?" అంటే, "తెలుస్తుంది చిన్నత్తా. అత్తకి అన్నీ తెలుస్తాయి" అంటుంది. నా వంక ఎంత నమ్మకంగా చూస్తుందో! ఆ ఓర్పు ఎవరి దగ్గర నేర్చిందో గానీ మన ముగ్గురిలో ఎవరికీ లేదు.

మొన్న వాన పడింది. లేవలేదు. నేనే గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అప్పుడు నన్ను చూసి "పాపం, చిన్నత్తకి మన మీద ఎంత ప్రేమో" అన్నది, పక్కింటామెతో. నాకు అన్నం సయించడం లేదక్కా.

మిషను కుట్టు పిల్లలిద్దరు వస్తున్నారు, వాళ్ళకి పువ్వుల దుప్పట్లు నేర్పుతున్నాను. నీ అంత నైపుణ్యం నాకెక్కడిది. మన ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా మంచి చాప చూస్తే "సులియానా చెయ్యి పడినట్టుంది" అంటారు. నేనల్లినా అదే అంటారు.

ఒక్క మాట పంపవా? లాతాయి కోసం.

పిసిలా

*

సిడ్నీ,
మే 15

పిసిలా,

నాలుగు పేజీలు రాశావు. చేమాకు రాశావు, కుట్టు మిషను రాశావు, వాన రాశావు. నేను అడిగినదానికి జవాబు మాత్రం లేదు. సామిసోనీ దేనికి మొక్కుతున్నాడో అడగమన్నాను. అడిగావా?

నీ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు అమ్మ చక్కెర డబ్బా ఖాళీ అయిన రోజున నువ్వు ఇల్లంతా చిమ్మేదానివి. ఎవరూ చెప్పకుండానే చిమ్మేదానివి. ఈ ఉత్తరం కూడా అలాగే ఉంది, ఇల్లంతా అద్దంలా చిమ్మేసి పెట్టావు. అందుకే అడుగుతున్నా. ఆ సాయంత్రం రేడియో దగ్గర ఎవరున్నారు?

ముందు లాతాయిని ఆ మెట్ల దగ్గర్నుంచి లేపు. వానలో కూర్చుంటే జ్వరం వస్తుంది. నేను చెప్పానని చెప్పు. ఆ పిల్ల అలా కూర్చుందని చదివాక నా చెయ్యి అల్లిక మీద నిలవడం లేదు.

ఇంకో మాట, చెప్పకూడదనుకున్నాను. ఆ రోజు గుమ్మంలో నిలబడి నిన్ను చూసినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? దీనికి ఆ చోటు ఎంత నప్పింది అని. మెడ నిటారుగా పెట్టుకుని, అమ్మ చాపలో, నవ్వు దాచుకుంటూ. నాకంటే బాగున్నావు. తర్వాతే కడుపు మండింది.

సులియానా

*

వవావు,
జూన్ 20

అక్కా,

రేడియో దగ్గర నేనున్నాను. నేనొక్కదాన్నే ఉన్నాను.

పెళ్ళి ముందురోజు సాయంత్రం ఊరంతా పాటల సాధనకి చర్చికి వెళ్ళింది. నాకు ఎప్పటిలాగే వంట పని. కొబ్బరి కోరుతూ రేడియో పెట్టుకున్నాను. నీ పేరు వినగానే కోరాము పక్కన పడేసి పరిగెత్తాను. నిజం అక్కా, పరిగెత్తాను. గడప దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయాను.

నేనూ లాతాయి మేనత్తనే కదా. కానీ పెద్దది ఉండగా చిన్నది మేనత్త అవదు, వంటింట్లో గిన్నెలు తోముతుంది. నువ్వు సిడ్నీ నుంచి రెండు పెట్టెలతో దిగుతావు, దొంతర మీద కూర్చుంటావు, కేకు పై అంతస్తు నీకు, అమ్మ చాప నీకు. అమ్మని చివరి రెండేళ్ళు ఎత్తి దించింది నేను. ఒక్కసారి, ఒక్క పూట, అందరూ చూస్తుండగా అక్కడ కూర్చోవాలనిపించింది. వెనక్కి వచ్చి రేడియో కట్టేశాను. అన్నయ్య వచ్చి గడప బయట నిలబడి "అక్క సంగతి ఏమైనా తెలిసిందా?" అంటే, "రానందట. రాజధాని నుకుఆలోఫా నుంచి మనిషి చేత చెప్పి పంపింది. పెద్ద పెద్ద పెళ్ళిళ్ళు చూసిన కళ్ళకి మన పెళ్ళి ఆనదులే" అన్నాను. "అలా అన్నదా?" అన్నాడు. "అలాగే అన్నది" అన్నాను.

నీకూ అన్నయ్యకీ మధ్య ఎప్పుడూ నేనే కదా వారధిని. మీరిద్దరూ ఎదురెదురు మాట్లాడుకోరు. నేను అబద్ధమాడితే పట్టుకునే దారే లేదు. ఏడేళ్ళు లేకపోయింది. నువ్వేమో ఆగలేదని అనుకున్నావు. అన్నయ్యేమో రానని చెప్పి, మర్నాడు కోపం చూపించడానికి వచ్చావనుకున్నాడు. లాతాయేమో తన కోసం జరిగిన పెళ్ళి గనక తనదే తప్పనుకుంది.

నీ ఉత్తరం వచ్చిన ఆదివారం చర్చి అయ్యాక అందర్నీ అన్నయ్య ఇంటి ముందు ఆగమన్నాను. పాదిరి గారిని కూడా. లోపలికి పోయి లాతాయి చుట్టుకునే ఆ చిరుగు చాపే నడుముకి కట్టుకుని వచ్చాను. లాతాయి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. జనం ఒక్కసారిగా లేచారు. మేనత్త మేనకోడలి కాళ్ళ దగ్గర కూర్చోవడం ఎవరైనా చూశారా! లాతాయి హడలిపోయి "లే చిన్నత్తా, లే, నాకు పాపం చుట్టుకుంటుంది" అని ఏడుస్తూ నా చెయ్యి లాగుతోంది. "చుట్టుకోదమ్మా, కూర్చో. నువ్వు ఇన్ని ఆదివారాలు ఎండలో వానలో నా తప్పు మోశావు. దాన్ని ఇటివ్వు" అని మొత్తం చెప్పేశాను. రేడియో, గడప, అబద్ధం, అన్నీ. మధ్యలో పాదిరి గారు నీళ్ళిచ్చారు.

అన్నయ్య గోడ అవతల నిలబడ్డాడు. నేను చెప్పడం అయిపోయాక అవతల్నుంచి అన్నాడు: "ఊరంతా మేనత్త ఉసురు, మేనత్త ఉసురు అంటున్నారు. అక్క మనసులో కోపం ఉందో లేదో నాకు తెలియదు. నా మనసులో మాత్రం ఏడేళ్ళు ఉంది, అదీ అక్క మీద. నా పిల్లకి తగిలింది అదేనేమో." లాతాయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కెపు వాళ్ళమ్మ నా మీద ఇంత ఎత్తున లేచింది, తిట్టాల్సినన్నీ తిట్టింది. అన్నీ పడ్డాను.

అమ్మ చాప ఆ రోజు తర్వాత మళ్ళీ కట్టలేదు. పరుపు కింద పెట్టి దాని మీదే పడుకుంటున్నాను. ఏడేళ్ళూ సరిగా నిద్రపట్టలేదు. నువ్వొస్తే ఇచ్చేస్తాను. రాకపోతే పంపిస్తాను.

అక్కా, తప్పయిపోయింది. ఈ ఒక్క మాట రాయడానికి ఏడేళ్ళు పట్టింది. నన్ను క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. లాతాయికి మాత్రం ఒక మాట పంపు.

పిసిలా

*

సిడ్నీ,
జులై 6

పిసిలా,

ముందు ఇది లాతాయికి చదివి వినిపించు. గట్టిగా చదువు, కెపు వాళ్ళమ్మకి కూడా వినపడేలా:

"నా బంగారు తల్లీ, నీ పెద్దత్త మనసులో నీ మీద ఏ రోజూ కోపం లేదు. నీ పెళ్ళి అయిన నెలలోనే నీ మొదటి బిడ్డ కోసం చాప మొదలుపెట్టాను. ఒక్కో కడుపు పోయిందని తెలిసినప్పుడల్లా, ఇది సరిగా కుదరలేదని విప్పేసి మొదట్నుంచీ అల్లాను. ఇప్పటికి చాలా సన్నగా వచ్చింది. ఈసారి విప్పను. భయపడకుండా కను. చేమాకు తిను."

ఇక నీ సంగతి. నీ ఉత్తరం గ్యారేజీలో నిలబడి చదివాను. చదివి, లోపలికి పోయి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. నీ పీక నులమాలనిపించింది. ఇప్పుడూ అనిపిస్తోంది. తమ్ముడు నన్ను గర్విష్ఠి అనుకుంటూ ఏడేళ్ళు గడిపాడు. ఆ పిల్ల మూడుసార్లు పోగొట్టుకుని ఏడ్చినప్పుడు నేను పక్కన లేను. అవన్నీ నువ్వు తిరిగివ్వలేవు. నేను మర్చిపోతానని కూడా అనుకోకు, నా జ్ఞాపకం సంగతి నీకు తెలుసు.

కానీ ఊరంతా చూస్తుండగా, పాదిరి ముందు, చిరుగు చాప కట్టుకుని మేనకోడలి కాళ్ళ దగ్గర కూర్చున్నావు చూడు, ఆ పని నా వల్ల అయ్యేది కాదే. చస్తే అయ్యేది కాదు. చదువుతున్నప్పుడు పీక నులమాలనిపించిన చేత్తోనే నీ తల నిమరాలనిపించింది. అమ్మని రెండేళ్ళు ఎత్తి దించావు, నిజమే. ఆ మాట నేను ఒక్కసారీ అనలేదు. అనాల్సింది.

అమ్మ చాప పంపకు. నేనే వచ్చి తీసుకుంటాను. ఎప్పుడో చెప్పను.

సులియానా

*

వవావు,
ఆగస్టు 14

అక్కా!

ఆడపిల్ల! నిన్న పొద్దున్న. తల్లీ బిడ్డా క్షేమం. జుట్టు నల్లగా దట్టంగా ఉంది, ఏడుపు నీ గొంతే, రేవు దాకా వినపడింది. నీ ఉత్తరం లాతాయి జాకెట్లో పెట్టుకునే ఆసుపత్రికి వెళ్ళింది, చెమటకి అక్షరాలన్నీ పోయాయి.

బాప్తిస్మం వచ్చే నెల చివరి ఆదివారం. అన్నయ్య పందుల్ని కట్టేశాడు. నువ్వు దిగేదాకా గుంతపొయ్యిలో రాయి వేడెక్కదని గోడ అవతల్నుంచి అరిచి మరీ చెప్పమన్నాడు. లాతాయి అత్తగారి వైపు వాళ్ళు కూడా ఈసారి పేరు నీ నోటితో పెట్టమన్నారు. రా అక్కా.

పిసిలా

*

వవావు,
అక్టోబరు 17

అక్కా,

నువ్వు సిడ్నీ చేరినట్టు ఫోను వచ్చిందని పోస్టాఫీసాయన చెప్పాడు. నువ్వు ఇక్కడున్న ఆ పది రోజులూ ఒకటే హడావిడి. నువ్వు రాకముందు ఇక్కడ ఏం జరిగిందో రాయమన్నావుగా, రాస్తున్నా.

శనివారం పొద్దున్న పడవ వచ్చింది. ఊరంతా రేవులో ఉన్నాం. బిడ్డ లాతాయి చేతుల్లో. మనుషులు దిగారు, మేకలు దిగాయి, సిమెంటు మూటలు దిగాయి, నువ్వు దిగలేదు. అందరూ నా వంక చూస్తున్నారు. మళ్ళీ ఏదో కబురు నేను మింగేశానని! కెపు వాళ్ళమ్మయితే నా మొహం మీదే "ఈసారి ఏం విన్నావమ్మా రేడియోలో?" అన్నది.

సాయంత్రం రేడియో అన్నయ్య ఇంటి ముందు బల్ల మీద పెట్టించారు. ఊరు ఊరంతా చుట్టూ కూర్చుంది. అప్పుడు వచ్చింది: "వవావు, పిసిలాకి. పడవలో తల తిరిగింది. వాంతులు. హాపాయిలో దిగిపోయాను. వెనక కొబ్బరి సరుకు పడవ ఉంది, దాంట్లో సోమవారం వస్తాను. పొయ్యి ఆపొద్దు. బిడ్డకి పేరు పిసిలా పెట్టాలి, నా చోట పిసిలా కూర్చోవాలి. సులియానా."

నా పేరుకి వచ్చింది అక్కా. అన్నయ్య పేరుకి కాదు. రేడియోలో నా పేరు ఎప్పుడైనా విన్నానా!

గోడ అవతల అన్నయ్య పగలబడి నవ్వాడు. "అక్కకి వాంతులా! నాన్న పడవలో తుఫానుకి అడ్డం నిలబడ్డ మనిషికి వాంతులేంటి! సిడ్నీ నీళ్ళు పడ్డట్టు లేవు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే ఏడ్చాను.

ఆదివారం నన్ను దొంతర మీద కూర్చోబెట్టారు. అమ్మ చాప పరుపు కిందినుంచి తీసి లాతాయే నా నడుముకి కట్టింది. ముడి సరిగా పడకపోతే విప్పి రెండోసారి కట్టింది. కేకు పై అంతస్తు నా ఒళ్ళో పెట్టారు. ఏడేళ్ళ కిందట కూర్చున్నప్పుడు నువ్వు ఏ క్షణాన వస్తావోనని నా కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి, కేకు రుచి కూడా తెలియలేదు. ఈసారి గుమ్మం వైపు చూడలేదు. బిడ్డని ఒళ్ళోకి తీసుకుని పేరు పెట్టాను. లాతాయికి ముందే చెవిలో చెప్పాను, ఆ పిల్ల నవ్వి సరేనంది. సులియానా అని పెట్టాను. కేకు చాలా బాగుంది.

సోమవారం నువ్వు దిగావు. నేను లేచి చాప విప్పి నీకు కట్టాను. నువ్వేమంటావోనని నీ మొహమే చూస్తున్నాను. నువ్వు చాప అంచు సరిచేసుకుని, దొంతర మీద కూర్చుని, "నా వాటా కేకు ఏదే?" అన్నావు. అంతే! అందరూ చూస్తుండగా నేను నీ భుజమ్మీద తల పెట్టి ఏడుస్తుంటే, "చొంగ కార్చకు, కొత్త గౌను" అన్నావు.

నువ్వల్లిన చాపలోనే బిడ్డని పడుకోబెడుతున్నారు. తడిమి చూశాను. నా జన్మలో అలా అల్లలేను. ఈసారి ఆ మాట అనుకుంటే బాధ అనిపించలేదు.

ఒంట్లో బాగుందా? ఆ వాంతులు మళ్ళీ రాలేదు కదా? డాక్టరుకి చూపించుకో.

పిసిలా

*

సిడ్నీ,
నవంబరు 8

ఒసే పిసిలా,

డాక్టరూ వద్దు, మందూ వద్దు. నాకే వాంతీ రాలేదు. ఆ రోజు సముద్రంలో ఒక్క అల లేదు. హాపాయి రేవులో బుట్ట పట్టుకుని దిగాను, చెట్టు కింద బెంచీ మీద కూర్చుని పుచ్చకాయ తిన్నాను, పోస్టాఫీసుకి వెళ్ళి రేడియోకి కబురిచ్చాను. సాయంత్రం అక్కడి వాళ్ళతో కూర్చుని విన్నాను. ఆ చదివినాయన "వాంతులు" అనగానే పక్కామె నా వంక జాలిగా చూసి నిమ్మకాయ ఇచ్చింది. ఆదివారం అక్కడి చర్చిలో పాట ఎత్తుకున్నాను.

ఎందుకంటావా? అప్పుడు నువ్వు ఆ చోటు దొంగతనంగా తీసుకున్నావు, అందుకే కేకు రుచి తెలియలేదు, చాప పరుపు కింద దాచుకున్నావు. ఇచ్చినదైతే తలెత్తుకుని కట్టుకునేదానివి. కాబట్టి ఇచ్చాను. ఆదివారం నీది. సోమవారం నుంచి నాది, అది మాత్రం మర్చిపోకు.

బిడ్డకి నా పేరు పెట్టావు. నీ పేరు పెట్టమన్నది నేను కదా! పేరు పెట్టే నోరు నీకిస్తే ఇదా నువ్వు చేసింది? ఊళ్ళోకి ఇంకో సులియానా వచ్చిందన్నమాట. మళ్ళీ నువ్వు రెండోదానివే. ఎవరు చేసుకున్నది వాళ్ళు అనుభవించాలి. దాన్ని ఎత్తుకున్నప్పుడు నా తరఫున ఒక ముద్దు పెట్టు. రెండోది నీ తరఫున.

ఈ పుచ్చకాయ సంగతి తమ్ముడికి తెలియకూడదు. తెలియాలంటే నువ్వే గోడ ఇవతల్నుంచి చెప్పాలి. నువ్వు చెప్పవని నాకు భయమే లేదు. కబురు కడుపులో దాచుకోవడంలో నీ అంతటి మనిషి వవావులోనే లేదు.

నీ అక్క,
సులియానా